రంగమ్మగారి ఎడం కాలు

మా బావ కాలు ఆపరేషన్ వల్లే పోయిందని రేపల్లెలో అందరికీ తెలుసు. స్టేషన్లో రైలు దిగిన కొత్తవాడికి ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే ఊళ్ళోకి దారి చెప్పేవాళ్ళు. అది నిజం కాదని తెలిసినవాళ్ళం ముగ్గురమే. గుంటూరు డాక్టరుగారు, మా బావ, నేను. డాక్టరుగారికి తీరిక లేదు. బావకి చెప్పడం ఇష్టం లేదు. ఇక నేను చెబితే నమ్మే మనిషి కృష్ణకి ఇటు ఒడ్డున ఒక్కడూ లేడు. మా బావ భయమల్లా ఒకటే, ఆ నిజం వాళ్ళమ్మ చెవిన పడకూడదని.

మా బావ పేరు దశరథరామయ్య. మా వసుంధరక్క మొగుడు. తెనాలి రేపల్లె బస్సు డ్రైవరు. నాది బాపట్ల. బి.ఏ. పరీక్ష తప్పాక మా నాన్న కంటపడకుండా నాలుగు రోజులుండి వద్దామని అక్కావాళ్ళింటికి వచ్చాను. ఆ నాలుగు రోజులు అరవై ఏడులో మొదలయ్యాయి, ఇంకా అవుతున్నాయి.

బావావాళ్ళమ్మ రంగమ్మ అత్తయ్య ఎదురుకాళ్ళతో పుట్టింది. అందరం తల ముందు పెట్టి లోకంలోకొస్తే, ఆవిడ ముందు కాలు పెట్టి, నేల గట్టిగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు మిగతా మనిషి వచ్చింది. అలా పుట్టినవాళ్ళు తన్నితే నడుం పట్టు వదిలిపోతుందని మా వైపు నమ్మకం. దానికో పద్ధతుంది. ఆదివారం పొద్దున్నే పరగడుపున రావాలి. వాకిట్లో చాప మీద బోర్లా పడుకోవాలి. అత్తయ్య ఎడం కాలితో మూడు తాపులు తన్నేది. తన్నించుకున్నవాడు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. మళ్ళీ ఆదివారం వచ్చేదాకా ఇంకో మందు ముట్టకూడదు, ఏ డాక్టరు గడపా తొక్కకూడదు. తొక్కాడా, తాపు చెడిపోతుంది. అంతే. ఆవిడ పైసా పుచ్చుకునేది కాదు. కొబ్బరికాయ తెచ్చినా కోప్పడేది.

రేపల్లె, బాపట్ల, తెనాలి, ఈ మూడు ఊళ్ళ మధ్య ఆవిడ తన్నని నడుం ఏదన్నా ఉంటే అది ఇంకా పుట్టలేదని అర్థం. కరణంగారిని తన్నింది. ఆయన మీద కేసు వేసినవాణ్ణీ తన్నింది, ఒకే చాప మీద, ఒకడి తర్వాత ఒకణ్ణి. లూథరన్ చర్చి పాస్టరుగారు కూడా ప్రార్థనకి ముందే వచ్చి, చొక్కా మడత నలగకుండా జాగ్రత్తగా బోర్లా పడుకునేవాడు. ప్రార్థనలు వేరైనా నడుములు ఒకటే కదా.

ఇలాంటి తల్లి ఇంట్లో ఉండగా నడుం నొప్పి వచ్చింది ఎవరికి? ఆవిడ కొడుక్కే.

రావడంలో వింతేం లేదు. ఆ రోడ్డు అలాంటిది. వేమూరు దగ్గర ఒక గుంటలో దిగిన బస్సు పైకొచ్చేసరికి లోపల కూర్చున్నవాళ్ళ చుట్టరికాలు మారిపోయేవి. ఏళ్ళ తరబడి ఆ కుదుపులన్నీ బావ నడుం మింగింది. ఒకరోజు స్టెప్నీ టైరు ఎత్తబోయి అక్కడే వంగిపోయాడు. వంగినవాణ్ణి వంగినట్టే ఇంటికి తెచ్చారు. పిర్ర దగ్గర్నించి కుడికాలి బొటనవేలి దాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి. దగ్గితే అరుపు, తుమ్మితే ఏడుపు.

తెనాలిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బావ ఒక్కడే లోపలికెళ్ళాడు. నేను బయట గోళీసోడా తాగుతూ కూర్చున్నాను. బయటికొచ్చి చెప్పాడు.

"రెండు పూసల మధ్య మెత్తలాంటిది ఉంటుందంటరా. డిస్క్ అంటారంట. అది పక్కకి జారి నరాన్ని నొక్కుతోందంట."

"మరేం చెయ్యాలంట?"

"చెక్కబల్ల మీద పడుకుని ఉండమన్నాడు. చాలామందికి నెలా నెలన్నరకి దానంతటదే తగ్గిపోద్దంట. తగ్గకపోతే ఆపరేషన్."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం లేదు. పద, బస్సు పోద్ది."

ఇంకేం లేదన్నప్పుడు నా మొహం చూడలేదు. కుడికాలు పట్టుకుని చూడలేదేమో అనుకున్నాను.

నెల రోజులు చెక్కబల్ల మీద పడుకున్నాడు. నొప్పి తగ్గలేదు. ఊళ్ళో ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, ప్రతివాడికీ వెన్నులో కత్తి పెట్టించుకుని మంచానపడ్డ మేనమామ ఒకడుండేవాడు. లెక్కేస్తే మా జిల్లాలో మేనమామలందరూ మంచాలమీదే ఉండాలి.

"అమ్మా, నువ్వే తన్నమ్మా," అన్నాడు బావ చివరికి.

"కడుపున పుట్టినవాణ్ణి కాలితో తన్నమంటావేంట్రా?" అంది అత్తయ్య.

"ఊరందర్నీ తన్నావు. నేనేం పాపం చేశాను?"

"వద్దు నాయనా. నాకు చేతులు రావు."

"చేతుల్తో కాదు అత్తయ్యా, కాలితోనే," అన్నాను నేను. చీపురు విసిరింది. గురి తప్పలేదు.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున్నే బావ చాప మీద బోర్లా పడుకున్నాడు. అక్క గుమ్మంలో నిలబడింది, మొహం తిప్పుకుని. అత్తయ్య తూర్పుకి దణ్ణం పెట్టుకుంది. మిగతావాళ్ళకైతే ఊరికే కాలు ఆనించినట్టు తన్నేది. కన్నకొడుకు కదా, ఏ లోటూ జరగకూడదని మనసుపెట్టి తన్నింది. మూడో తాపుకి ఎండు కొబ్బరిచిప్ప మీద కాలేసినట్టు చప్పుడైంది. బావ కెవ్వుమన్నాడు.

ఆ తర్వాత కాసేపు అలాగే పడుకుని, మెల్లగా లేచి కూర్చున్నాడు. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కాలు పట్టుకుని చూసుకున్నాడు.

"అమ్మా, లేదే. నొప్పి లేదే!"

అత్తయ్య కూలబడి ఏడ్చేసింది. ఆ రోజు గారెలు, పరమాన్నం. ఊళ్ళో సగంమంది తిన్నారు, మిగతా సగంమంది తిన్నామని చెప్పుకున్నారు. కాలు కొంచెం బరువుగా ఉందని, మొద్దుబారినట్టుందని బావ అంటే, "పట్టు దిగుతోందిరా, అలాగే ఉంటది," అంది అత్తయ్య. అందరం తలలూపాం. నొప్పి పోయినవాడికి ఇంకేం కావాలి?

సోమవారం బావ బజారుకెళ్ళి కుడికాలి చెప్పు లేకుండా ఇంటికొచ్చాడు. ఎక్కడ ఊడిపోయిందో ఆయనకి తెలీదు. "చెప్పుకి నీతో విసుగొచ్చి పుట్టింటికెళ్ళుంటది," అన్నాను. నవ్వాడు.

మంగళవారం దొడ్లో గోడ దగ్గర నిలబడ్డాడు. నేను పళ్ళు తోముకుని, మొహం కడుక్కుని, కాఫీ తాగి వచ్చినా అక్కడే ఉన్నాడు. "ఏంటి బావా, గోడ పడిపోతదని పట్టుకున్నావా?" అన్నాను. దానికీ నవ్వాడు, కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ సాయంత్రం మామిడిచెట్టు కింద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఎర్రచీమల పుట్ట మీద కూర్చున్నాడని లేచాక గానీ తెలీలేదు. ఆ చీమలు మామూలువి కావు, గేదెని కూడా లేపి పరిగెత్తిస్తాయి. పంచె నిండా పాకాయి. బావ మాత్రం ఎన్నికల వార్తలు పూర్తిచేసి, తాపీగా పేపరు మడిచి లేచాడు. ఎంత ఓర్పున్న మనిషో అనుకున్నాను. చీమలు కుట్టీ కుట్టీ అలిసిపోయి దిగిపోయాయి.

బుధవారం పొద్దున దొడ్లో పడిపోయాడు. రెండు కాళ్ళూ ఆయన మాట వినలేదు. లేపబోయిన అక్క, ఆయన వెనక దద్దుర్లు చూసింది. పొట్ట చూసింది. బొడ్డు కింద కుండ బోర్లించినట్టు ఉబ్బి ఉంది.

"ఏవండీ, ఒంటేలు పోసి ఎన్నాళ్ళైంది?"

బావ కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పండి!"

"ఆదివారం నుంచీ సరిగా లేదు."

"ఆదివారం రానీవే అమ్మాయ్," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "నాలుగు రోజులు. ఇప్పుడు డాక్టరు దగ్గరికెళితే తాపు చెడుద్ది. నొప్పి మళ్ళీ వస్తది."

మా అక్క అత్తగారికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. "ఆదివారం దాకా ఈయనుండాలిగా అత్తయ్యా," అని, నా వైపు తిరిగి, "ఒరేయ్ బసవా, టాక్సీ," అంది. ఊళ్ళో ఉన్నది ఒకటే టాక్సీ. పెళ్ళికి కట్టిన పూలదండలతోనే తీసుకొచ్చాను.

గుంటూరులో మేం వెళ్ళిన ఆస్పత్రిలో డాక్టరు బర్నబాస్‌గారు. మా బాపట్ల మనిషే. ముందు గొట్టం వేశారు. ఒక సీసా నిండింది. రెండోదీ నిండింది. బిందె తెమ్మంటారేమో అని నేను చుట్టూ చూశాను.

తర్వాత డాక్టరుగారు అక్కని బయటికి పంపి, బావని బోర్లా తిప్పి, గుండుసూది తీసుకుని పిర్రల దగ్గర్నించి అరికాళ్ళ దాకా గుచ్చుకుంటూ వచ్చాడు. ఒక్కో చోట గుచ్చడం, బావ మొహం చూడడం. బావ గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. చివరికి డాక్టరుగారు సూది పక్కన పెట్టేశాడు.

"మొదలుపెట్టండి డాక్టరుగారూ, నేను సిద్ధమే," అన్నాడు బావ.

నాకు ఆ పూట జోకేమీ తట్టలేదు.

"నొప్పి ఎప్పుడు పోయింది?" అని అడిగాడు డాక్టరుగారు.

"ఆదివారం పొద్దునండి. మా అమ్మ తన్నగానే పోయిందండి."

డాక్టరుగారు కోప్పడలేదు. బాపట్లవాడు కదా, ఎదురుకాళ్ళ సంగతి తెలుసు. చిన్నప్పుడు ఆయన కూడా ఏ వాకిట్లోనో బోర్లా పడుకునే ఉంటాడు.

"నరం బతికుంటేనే నొప్పి తెలుస్తుంది," అన్నాడు. "నీకు ఆదివారం పోయింది నొప్పి కాదు, నరం. వెన్నులోంచి కాళ్ళకీ, ఒంటేలుకీ వెళ్ళే నరాలన్నీ ఒకే కట్టగా కిందికొస్తాయి. ఆ కట్ట మీద పడింది డిస్కు ముక్క. కాళ్ళు మొద్దుబారినా, ఒంటేలు ఆగినా అదే పూట రావాలి. ఎవరూ చెప్పలేదా?"

బావ క్యాలెండరు వైపే చూస్తూ, "చెప్పారండి," అన్నాడు. "తెనాలి డాక్టరుగారు చెప్పారు."

నేను కుర్చీలోంచి లేచాను. "మరి మాకెందుకు చెప్పలేదు బావా?"

"ఆ మాట మీ అక్క ముందు, అమ్మ ముందు ఏమని చెప్పనురా? అయినా నాలుగు రోజులే కదా, ఆదివారం అయిపోతే వెళదామనుకున్నా. అమ్మ తన్నాక వెళితే ఆవిడ తాపు మీద నాకు నమ్మకం లేదన్నట్టు కాదా?"

మర్నాడు వెన్నులోకి మందు ఎక్కించి ఎక్సరేలు తీశారు. మందు నడుం దాకా దిగి అక్కడ ఆగిపోయింది. అదే రోజు ఆపరేషన్. అయ్యాక డాక్టరుగారు తీసిన ముక్కని సీసాలో చూపించాడు. ఉడకబెట్టిన పీత మాంసంలా, తెల్లగా, ఉసిరికాయంత. ఆరడుగుల మనిషిని ఉసిరికాయంత ముక్క పడగొట్టింది.

"ఆ తాపుల వల్లే జారిందాండి?" అని అడిగాను.

"చెప్పలేను. ఆ పూటకి జారడానికి సిద్ధంగా ఉండొచ్చు. తాపు దాన్ని తోసేసి ఉండొచ్చు. కానీ ఆదివారం సాయంత్రానికి వచ్చుంటే ఎక్కువ భాగం తిరిగొచ్చేది. నేను నరాల మీద బరువు తీశాను. బతికున్న నరం లేస్తుంది. చచ్చినదాన్ని లేపడం నాకు రాదు."

మెల్లగా ఎడం కాలు లేచింది. కుడికాలు మోకాలి దాకా లేచింది. పాదం లేవలేదు. నడుస్తుంటే పాదం ముందుకి వేలాడి నేలకి కొట్టుకునేది, తడి గుడ్డ బండకేసి బాదినట్టు. ఒంటేలు వస్తోందో లేదో తెలీదు. గడియారం చూసుకుని, పొట్ట నొక్కుకుని పోసుకోవాలి. ఇంకా కొన్ని ఉన్నాయి. అవి అక్కకీ బావకీ సంబంధించినవి. వాటి మీద నేను జోకులు వెయ్యను.

డిశ్చార్జి రోజు బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"బసవా, అమ్మకి చెప్పొద్దు."

"ఏంటి చెప్పొద్దు?"

"ఆదివారం గురించి డాక్టరుగారన్న మాట. తన కాలి వల్ల నా కాలు పోయిందని తెలిస్తే ఆవిడ బతకదురా. మీ అక్కకి కూడా చెప్పకు. ఆపరేషన్ సరిగ్గా కుదర్లేదని చెబుదాం."

"మరి డాక్టరుగారికి చెడ్డపేరు కదా?"

"ఆయన గుంటూర్లో ఉంటాడు. అమ్మ మనింట్లో ఉంటది."

అలా కుదిరింది అబద్ధం. మేం ఒక్క ముక్క చెప్పాం, ఆపరేషన్ కుదర్లేదని. మిగతాది ఊరు చూసుకుంది. వారం తిరక్కుండా డాక్టరు నరం కోసేశాడన్నారు. నెల తిరక్కుండా కత్తెర లోపలే మర్చిపోయాడన్నారు. బావ నడుస్తుంటే కత్తెర చప్పుడు విన్నవాళ్ళు కూడా తయారయ్యారు.

బస్సు పోయింది. బ్రేకు మీద ఉందో లేదో తెలియని కాలితో బస్సెవరిస్తారు? ఓనరు మంచివాడు, టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. ఇంకొకడు నడిపే తన బస్సుకి టికెట్లు చింపి ఇచ్చేవాడు బావ.

అత్తయ్య పేరు మాత్రం ఇంతకి ఇంతైంది. "నేను నొప్పి తీశాను, వాళ్ళు కాలు తీశారు," అని చాప మీద పడుకున్న ప్రతివాడికీ చెప్పేది. చెబుతూ కళ్ళు తుడుచుకునేది. ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పినవాళ్ళు కూడా అది విని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. అరుగు మీద బావ ఉండేవాడు. చాప మీదవాళ్ళు తలెత్తితే ఆయన వేలాడే పాదం కనపడేది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"బావా, ఆదివారం పూట నువ్వు లోపల కూర్చోవచ్చుగా?" అన్నాను ఒకసారి.

"అమ్మ ఇక్కడే కూర్చోమంటోందిరా. జనం చూడాలంట."

డెబ్భై ఒకటి వేసవిలో ఒక ఆదివారం కొల్లూరు లంకల్లోంచి ఎడ్లబండి వచ్చింది. వెంకట్రామయ్య అని అరటితోటల రైతు, ఆయన భార్య కొండమ్మ. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చింది. ఆయన మాత్రం నవ్వుకుంటూ దిగాడు.

"అమ్మా రంగమ్మగారూ, మీ పేరు తలుచుకోగానే సగం పనైపోయింది. నెల్లాళ్ళ నొప్పి, నిన్న సాయంత్రం హఠాత్తుగా పోయింది. అయినా బయల్దేరాం కదా, మిగతా పట్టు కూడా వదిలించండి."

భార్య భుజం పట్టుకుని చాప దాకా నడిచాడు. పాదం నేలకేసి కొట్టుకుంటోంది. ఆ చప్పుడికి అరుగు మీద బావ తలెత్తాడు. మా ఇంట్లో అలాంటి చప్పుడు ఆయనొక్కడిదే.

వెంకట్రామయ్య బోర్లా పడుకున్నాడు. కొండమ్మ అరుగు దగ్గరికొచ్చి అక్కతో గొంతు తగ్గించి అడుగుతోంది. "ఏం లేదమ్మా, నిన్న మధ్యాహ్నం నుంచి ఒంటేలు పోలేదు. బండి ప్రయాణమని నీళ్ళు తక్కువ తాగాడు. మజ్జిగ ఉంటే కొంచెం ఇప్పిస్తావా?"

అత్తయ్య తూర్పుకి దణ్ణం పెట్టుకుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఎడం కాలెత్తింది.

"అమ్మా, తన్నకు."

అరుగు మీంచి బావ. అంత పెద్ద గొంతు ఆయనకుందని బస్సు నడిపే రోజుల్లో కూడా తెలీదు.

"ఏంట్రా?"

"ఆయన్ని తెనాలి పంపించెయ్. అక్కణ్ణించి గుంటూరు. ఇప్పుడే."

వెంకట్రామయ్య తలెత్తాడు. "ఏంటి బాబూ, ఆపరేషన్‌కా? నీలాగా కుంటుకుంటూ తిరగడానికా?"

"ఆపరేషన్ వల్ల కాదు బాబాయ్ నేనిలా అయింది. ఆపరేషన్‌కి ఆలస్యంగా వెళ్ళడం వల్ల." బావ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. వాకిట్లో పదిమంది ఉన్నారు, ఆడవాళ్ళు, మగవాళ్ళు. "నాకూ ఇలాగే ఉన్నట్టుండి నొప్పి పోయింది. గారెలొండుకుని తిన్నాం. అది నరం చచ్చిపోవడం. నాకూ ఒంటేలు ఆగింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ పొట్ట నొక్కుకుని పోసుకుంటున్నాను బాబాయ్, పసిపిల్లాడి కంటే కనాకష్టంగా. గుడ్డ పెట్టుకుని టికెట్లమ్ముతున్నాను. చీమలు కుట్టినా తెలీదు, నా భార్య పక్కన కూర్చున్నా తెలీదు. డాక్టరు తప్పేం లేదు. మూడు రోజులు ముందొచ్చుంటే సరిగ్గా నడిచేవాణ్ణి. నేను రాలేదు. ఆదివారం కోసం ఆగాను."

అక్క చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆదివారం సంగతి ఆమెకి తెలుసు. డాక్టరు ఏమన్నాడో అప్పుడే తెలిసింది.

"నిజమేనా?" అంది కొండమ్మ నా వైపు తిరిగి. ఊరంతా వదిలి నన్నడిగింది, కొల్లూరు మనిషి కదా, నా సంగతి తెలీదు.

"నిజమేనండి," అన్నాను. "సీసాలో ముక్క చూశాను."

"లెగవయ్యా," అంది కొండమ్మ మొగుడితో.

"ఉండవే, ఇంతదూరం వచ్చి..."

"లెగమంటుంటే!" చంక కింద చెయ్యేసి అరటిగెల లేపినట్టు లేపింది. ఎడ్లు తెనాలి రోడ్డెక్కేదాకా ఆమె అరుపులు వినపడుతూనే ఉన్నాయి.

అత్తయ్య ఎత్తిన కాలు ఎప్పుడు దించిందో ఎవరం చూడలేదు. చూసేసరికి చాప పక్కన నేల మీద నిలబడి ఉంది. మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి, నడుములు పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. తన్నించుకోకుండా వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడొచ్చు, పద్ధతి ప్రకారం. అయినా ఎవరూ చూడలేదు.

వాకిలి ఖాళీ అయింది. ఆవిడ వచ్చి అరుగు మీద బావ పక్కన కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే తిడుతుందనుకున్నాను.

"కాలు ఇటు పెట్టు," అంది.

బావ కదల్లేదు. ఆవిడే వంగి, ఆయన కుడిపాదం రెండు చేతుల్తో తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆపరేషనై వచ్చినప్పట్నించీ ఆవిడ ఆ పాదాన్ని ఊరందరికీ చూపించింది గానీ, తను ముట్టుకోలేదు. బొటనవేలు నిమిరింది. గిల్లింది. గోరు దిగేలా గిల్లి, కొడుకు మొహం చూసింది.

"తెలుస్తోందా?"

"లేదమ్మా."

"ఎత్తు."

బావ మెడ నరాలు బిగుసుకున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎత్తరా."

"ఎత్తుతున్నానమ్మా."

పాదం ఆవిడ ఒళ్ళో పెట్టినచోటే ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది.